కట్టు కింద ముక్కుపుల్ల

డాక్టర్ మమతారాణి బల్ల మీదున్న పెద్ద కళ్ళజోడు తీసి రామవ్వ తలకు తొడిగింది. కళ్ళజోడని పేరే గాని, చూడటానికి అది వెల్డింగ్ చేసేవాళ్ళు ముఖానికి అడ్డం పెట్టుకునే దానికి చుట్టంలా ఉంది. వెనక మర తిప్పి బిగించేసరికి ఆ బరువుకు రామవ్వ మెడ ముందుకు వాలింది.

"ఇప్పుడు బల్ల దిక్కు సూడమ్మా," అంది డాక్టరు.

బల్ల మీద ఇందాకటి దాకా మందుల చీటీలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు వాటికి జానెడు ఎత్తున గాలిలో ఒక తలకాయ నిలబడి ఉంది. కంటి గుంతలు, దవడ ఎముకలు, ముక్కు లోపల చిన్న చిన్న గదులు. ఆ గదుల్లోంచి ఆకుపచ్చగా ఒక దారి పోతోంది. దారికి పక్కగా ఎర్రటి గోడ. రామవ్వ పట్టుకుందామని చెయ్యి చాపింది. చెయ్యి తలకాయలోంచి అవతలికి వెళ్ళిపోయింది.

"ఎవలది తల్లీ గీ పుర్రె?"

"నీదే. మొన్న తీసిన స్కానింగే ఇది."

రామవ్వ చూపుడువేలు ఆమెను అడగకుండానే ముక్కు మీదికి పోయింది. కుడి పక్కన తెల్లరాయి ముక్కుపుల్ల. భయం వేసినా, సంతోషం వేసినా, పొయ్యి మీద కూర అడుగంటినా ఆ వేలు పోయేది అక్కడికే. పుల్లను ఒకసారి తాకి, ఉన్నదని చూసుకొని కిందికి దిగుతుంది. ఇప్పుడూ అంతే చేసింది.

పక్క కుర్చీలో కూర్చున్న ఆమె మొగుడు ఇస్తారికి నవ్వొచ్చింది. "నీ తలకాయల గిన్ని అర్రలున్నయని ముందుగాల్నే తెలిస్తే ఒక అర్ర కిరాయికి ఇద్దును గదనే."

డాక్టరు కూడా నవ్వి, కళ్ళజోడు తీసి, సంగతి చెప్పుకొచ్చింది. రామవ్వ ముక్కులో కండ పెరగడం ఇది మొదటిసారి కాదు. ఇదివరకు ఎక్కడో చేయించుకున్న ఆపరేషన్లో కండతో పాటు లోపల గుర్తులుగా ఉండే ఎముకలు కూడా పోయాయి. ఇప్పుడు కండ మళ్ళీ పెరిగింది, దారి చెప్పే గుర్తులు లేవు.

"కన్నుకు, ముక్కుకు నడుమ గోడ ఉల్లిపొర లెక్క ఉన్నదమ్మా. మామూలుగ అయితే టీవీల సూసుకుంట, స్కానింగును మనసుల పెట్టుకొని పోవాలె. ఇది పెట్టుకుంటె స్కానింగ్ బొమ్మ వచ్చి నీ మొకం మీదనే కూసుంటది. నీ ముక్కు యాడుంటె బొమ్మల ముక్కు గూడ ఆడనే. కత్తెర ఎర్రగోడ దగ్గరికి పోతే నాకు ముందే కనపడతది."

"మరి నాకు వాసన వస్తదా బిడ్డా?"

ఆమెకు కావలసింది అదొక్కటే. ముక్కు మూతపడి ఏళ్ళయింది. పాలు పొంగి మాడితే పక్కింటివాళ్ళు కేకేసి చెప్పాలి. మనవరాలు పుట్టినప్పుడు పసిపిల్ల తలను ముక్కుకు ఆనించుకొని ఎంత పీల్చినా ఏమీ తెలియక, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది.

"వస్తదనే అనుకుంటున్న. కొంచెం టైం పట్టొచ్చు," అంది డాక్టరు.

నర్సు నిఖిత వచ్చి రేపు పొద్దున ఏమేం తీసి రావాలో చెప్పింది. గాజులు, కమ్మలు, మట్టెలు, పుస్తెలు. రామవ్వ అన్నిటికీ తల ఊపింది. పుస్తెలకు బదులు పసుపుకొమ్ము కట్టుకుంటానంది. చివరికి ముక్కుపుల్ల దగ్గర ఆగింది.

"ఇది తియ్య."

"అసలు ఆపరేషనే ముక్కుకు గదా పెద్దమ్మ. చిన్న వేపపుల్ల పెట్టుకో, బొర్ర పూడదు."

"బొర్ర గురించి కాదు బిడ్డా."

ఇస్తారి గొంతు సవరించుకున్నాడు. ఈ కథ చెప్పడం అతనికి సరదా. "నేను మొట్టమొదలు బాయి దిగిననాడు మా అవ్వ పెట్టింది మేడం." బాయి అంటే వాళ్ళ మాటల్లో బొగ్గుగని, అవ్వ అంటే తల్లి. "వాడు భూమిల ఉన్నంతసేపు గిది నీ ముక్కుకుండాలె అన్నదట. ఉద్యోగం నుంచి దిగిపోయిన, సుల్తానాబాద్ల ఇల్లు కట్టిన, ఇగనన్న తియ్యరాదే అంటె, తియ్యమని మీ అవ్వ చెప్పిపోలే గదా అంటది."

రామవ్వ నవ్వలేదు. గని దగ్గర సైరన్ మోగినప్పుడు కంపెనీ క్వార్టర్ల ముందు నిలబడ్డ ఆడవాళ్ళ చేతులన్నీ ఎక్కడుండేవో ఆమెకు తెలుసు. గనిలో పోయిన కైలాసం పెళ్ళాం ముక్కుపుల్ల గని గడ్డ మీదే తీస్తుంటే ఆమె అక్కడే ఉంది. ఆ మనిషి అరవలేదు, ఏడవలేదు, ముక్కు మాత్రం గట్టిగా మూసుకొని వదల్లేదు. ఇద్దరు పట్టుకుంటే గాని ఆ చెయ్యి రాలేదు. అవన్నీ ఇక్కడ చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"మొగడు పానంతోని ఉండంగ తియ్యరు బిడ్డా. గంతే."

మమతారాణి కాసేపు ఆ తెల్లరాయిని చూసింది. "సరేనమ్మా. తియ్యం. పైన టేపు వేస్తం."

"మాటనేనా?"

"మాటే."

మర్నాడు పొద్దున స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే ఇస్తారి పక్కనే నడిచాడు. రామవ్వ ముక్కు మీద తెల్లటి టేపు. మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం, తడి ఇంకా ఆరలేదు. థియేటర్ తలుపు దగ్గర ఆమె అతని చొక్కా పట్టుకొని ఆపింది.

"నేను నిద్రల ఉంట. నువ్వు సూసుకోవాలె."

"ఏంది?"

"గిది." వేలు టేపు మీదికి పోయింది. "తియ్యనియ్యకు."

"నేనుండంగ ఎవడు తీస్తడే?" అన్నాడు ఇస్తారి.

ఆ మాటలో రెండు అర్థాలున్నాయి. రెండూ ఆమెకు నచ్చాయి. చొక్కా వదిలేసింది.

లోపల చలిగా ఉంది. నిఖిత ఆమె నుదుటికి ఒక పట్టీ కట్టింది. పట్టీకి గోళీలంత వెండి గుండ్లు వరసగా ఉన్నాయి, పెద్ద లైటు కింద మెరుస్తున్నాయి.

"గివేంది బిడ్డా, లగ్గంల బాసింగం కట్టినట్టు?"

"కళ్ళజోడుకు ఉన్న కెమెరా వీటి మెరుపు సూసి నీ తల యాడున్నదో గుర్తుపడతది పెద్దమ్మ. అప్పుడు బొమ్మ సరిగ్గ వచ్చి కూసుంటది."

అవతల డాక్టరు కళ్ళజోడు బిగించుకుంటోంది. ఈ వయసులో మళ్ళీ బాసింగం అని రామవ్వ లోపల నవ్వుకుంది. మత్తు ఎక్కేలోపు ఆమె చివరగా చేసిన పని, నాలుకను పైపెదవి మీదికి తిప్పి ముక్కుపుల్లను అందుకోవాలని చూడటం. అందలేదు గాని, అక్కడుందని నమ్మకం.

మెలకువ వచ్చేసరికి నోరంతా చేదుగా, ఇనుము నాకినట్టు ఉంది. ముక్కుతో గాలి ఆడటం లేదు. కళ్ళు తెరవకముందే చెయ్యి లేచింది. ముఖం నడుమ ఒక దూదికొండ. ఈ చెంప నుంచి ఆ చెంప దాకా టేపులు. ఆమె వేళ్ళు కొండ మీద పాకి పుల్ల కోసం వెతుకుతుంటే ఇస్తారి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టకే. ముట్టద్దన్నరు."

ఆమె కళ్ళు తెరిచి అతని వైపు చూసింది. మాట రాలేదు. కుడి పక్కన దూది మీద వేలు ఆనించి, కనుబొమ్మలు ఎత్తింది.

"ఉన్నది," అన్నాడు ఇస్తారి. "కట్టు కింద ఉన్నది."

రామవ్వ కళ్ళు మూసుకుంది. నిద్ర హాయిగా పట్టింది.

పక్క మంచం మీద గొంతు ఆపరేషన్ అయిన కూతురికి సాయంగా జమ్మికుంట నుంచి వచ్చిన అనసూర్య ఉండేది. ఆమెకు మాట్లాడకపోతే అన్నం అరగదు. ఇటు కూతురికి గొంతు లేదు, అటు రామవ్వకు ముక్కు లేదు, ఇంక వార్డంతా ఆమెదే రాజ్యం.

"నీ ముక్కుకు మస్తు పేరొచ్చిందట గదక్క. పెద్ద పెద్ద డాక్టర్లు నీ ముక్కు గురించే మాట్లాడుకుంటున్రట. ఇసొంటి కళ్ళజోడు పెట్టుకొని చేసుడు గీ దవఖాన్ల నీకే మొదలట."

రామవ్వ కట్టు కిందనుంచే మూలుగుతున్నట్టు నవ్వింది. మంచం కింద సంచీ సర్దుతున్న ఇస్తారి మాత్రం నవ్వలేదు. ఇలాంటి మాట దొరికితే ఊరుకునే మనిషి కాదు అతను. అలిసిపోయి ఉంటాడు పాపం అనుకుంది రామవ్వ.

నిఖిత వచ్చి పై దూది మార్చేటప్పుడు రామవ్వ అద్దం అడిగింది. నిఖిత ఇస్తారి వైపు చూసింది.

"కట్టు మొత్తం ఇప్పినంక సూస్కుందువు తియ్. ఇప్పుడు సూస్తే నువ్వే బుగులు పడతవ్. బూరె లెక్క ఉబ్బింది," అన్నాడు ఇస్తారి.

నిజంగానే ఉబ్బింది. దూది మార్చినంతసేపూ అక్కడ ఏం తాకుతోందో, ఏం తాకడం లేదో ఆమెకు తెలియలేదు. ఆ చోటంతా మొద్దుబారి ఉంది. నిఖిత కొత్త దూది పెట్టి, ఆమె కళ్ళలోకి చూడకుండా టేపులు అంటించి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ మర్నాడు మధ్యాహ్నం ఇస్తారి పెరుగన్నం తెస్తానని కిందికి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. కిటికీ కింద అంబులెన్స్ వచ్చి ఆగింది. జనం అరుపులు. అనసూర్య కిటికీలోంచి తొంగి చూసి, "ఎవలో ముసలాయన అక్కా, లారీ గుద్దిందట, ఎర్రంగి," అంది.

ఇస్తారిది ఎర్రగళ్ళ చొక్కా. రామవ్వ లేద్దామంటే చేతికి సెలైన్ ఉంది. అప్పుడు వేలు దానంతట అదే కట్టు మీదికి పోయింది, కుడి పక్కకు. నొప్పి పుట్టేదాకా నొక్కింది. ఉన్నది. కట్టు కింద ఉన్నది. ఇది ఉండగా అతనికేం కాదు. కంపెనీ క్వార్టర్ల ముందు నిలబడి ఎన్నో సైరన్లు దాటించిన ధైర్యమే మళ్ళీ మెల్లగా లోపలికి వచ్చింది. ఊపిరి కుదుటపడింది.

ఇస్తారి టిఫిన్ డబ్బాతో లోపలికి వచ్చేసరికి ఆమె వేలు ఇంకా కట్టు మీదే ఉంది. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

"గిది లేకుంటే నా పానం పోతుండె," అంది, దూదిలోంచి, ముక్కుతో.

ఇస్తారి డబ్బా మూత తీస్తూ వంగాడు. మూత బిగుసుకుపోయినట్టుంది, చాలాసేపు తిప్పాడు. "ఉన్నది గదనే," అన్నాడు డబ్బాతో. "ఇగ ఫికర్ ఎందుకు?"

మూడో రోజు పొద్దున డాక్టరు గదిలోకి పిలిచారు. గదిలో ఇద్దరు ముగ్గురు కుర్ర డాక్టర్లు గోడకానుకొని నిలబడ్డారు. గోడకు పెద్ద టీవీ. మమతారాణి ముఖం పరీక్ష పాసైన పిల్లలా వెలిగిపోతోంది. నిఖిత కట్టు విప్పడానికి సామాను సర్దుకుంటోంది.

"అంతలోపు నీ ఆపరేషన్ నువ్వే సూడమ్మా. కళ్ళజోడు ఏం సూసిందో అంతా దాంట్లనే రికార్డయింది. సూస్తవా? భయం కాదు గదా?"

ఇస్తారి కుర్చీలోంచి సగం లేచాడు. "ఎందుకు మేడం, నెత్తురు గిత్తురు... కండ్లు తిరుగుతయ్ దానికి."

"బాయి గడ్డ మీద సూసిన నెత్తురు కన్న ఎక్కువనా?" అంది రామవ్వ. "పెట్టు బిడ్డా."

టీవీలో ఆమె ముఖం వచ్చింది. పచ్చటి గుడ్డల నడుమ, కళ్ళకు టేపులు వేసి, నుదుటికి వెండి బాసింగంతో. మొన్న గాలిలో చూసిన తలకాయ బొమ్మ వచ్చి ఆ ముఖం మీద అచ్చంగా కూర్చుంది. చర్మం కింద దీపం పెట్టినట్టు గదులన్నీ కనిపించాయి. ఆకుపచ్చ దారి ముక్కుపుటంలోంచి లోపలికి పోతోంది. రామవ్వ నోరు తెరుచుకొని చూస్తోంది.

"ఇగ ఇక్కడ సూడుండ్రి," అంది మమతారాణి, ఈసారి కుర్ర డాక్టర్లకు. "బొమ్మ ఎగిరింది."

నిజంగానే ఆకుపచ్చ దారి ఒక్క గెంతు గెంతి కంటి వైపు పోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ గెంతింది.

"ఎందుకో మొదలు అర్థం కాలేదు. తర్వాత సూస్తే గిది." ఆమె వేలు టీవీ మీద ఒక చోట ఆనింది. ముక్కు మీది టేపు తడిసి, సగం ఊడి, దాని కింద తెల్లరాయి లైటుకు ధగధగ మెరుస్తోంది. "కెమెరా నుదుటి మీది గుండ్లతో పాటు ఈ ముక్కుపుల్లను గూడ ఇంకో గుండు అనుకున్నది. బొమ్మను దీని దిక్కు గుంజింది. మళ్ళ టేపు వేసినం, తడికి ఆగలేదు. లోపలి మర గూడ ముక్కులకు పెట్టే దుర్బినుకు అడ్డం వస్తున్నది."

టీవీలోంచి మాటలు వినిపించాయి. ఎవరో మగగొంతు, "తీసేద్దామా మేడం?" మమతారాణి గొంతు, "మాటిచ్చిన. బయట ఆయనను అడిగి రాపో. వద్దంటే ఇక్కడికి ఆపేద్దం, లేపేద్దం." కొంతసేపు ఏమీ లేదు, యంత్రాల చప్పుడే. మళ్ళీ మగగొంతు, "తీసెయ్యమన్నడు మేడం. తెలివొచ్చినంక తనే చెప్తనన్నడు."

రెండు తొడుగుల వేళ్ళు వచ్చి ముక్కుపుల్ల మర తిప్పాయి. పుల్ల బయటికి వచ్చింది. అది ఉన్న చోట చిన్న నల్లటి బొర్ర మిగిలింది. ఆకుపచ్చ దారి నెమ్మదిగా వచ్చి తన చోట కూర్చుంది, ఇంక కదల్లేదు.

"సూసిన్రా, ఎట్ల కుదిరిందో," అంది మమతారాణి సంతోషంగా. రామవ్వ వైపు తిరిగింది. "చెప్పిండు గదమ్మా ఇస్తారన్న?"

రామవ్వ టీవీ వైపే చూస్తోంది. నిఖిత చేతిలో పళ్ళెం చప్పుడైంది. మమతారాణి ముఖంలో వెలుగు మెల్లగా తగ్గిపోయింది. ఇస్తారి తల పైకెత్తి ఫ్యాను చూస్తున్నాడు.

"మళ్ళొక్కపారి పెట్టు బిడ్డా."

"అమ్మా..."

"పెట్టు. గా తీసుడు కాడికి."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆ వేళ్ళు వచ్చాయి, మర తిరిగింది, బొర్ర మిగిలింది. కళ్ళు మూసుకొని, బోడిముక్కుతో, ఏమీ తెలియకుండా పడుకొని ఉన్న ఆ ముఖం రామవ్వకు తెలిసిన ముఖమే. గని గడ్డ మీద అలాంటి ముఖాలను ఆమె చేతుల్లోకి తీసుకొని ఏడ్చింది. మొగుడు బతికుండగానే ఆమెకు ఆ ముఖం వచ్చింది. రెండు రోజులుగా ఆ ముఖం వేసుకొని అనసూర్యతో నవ్వింది, పెరుగన్నం తింది, లేని పుల్లకు మొక్కింది. ఒళ్ళంతా సిగ్గు కమ్మింది.

"నేను మాట తప్పిన అమ్మా," అంది మమతారాణి, కుర్చీ ముందుకు లాక్కొని. "నీకు చెప్పిన్రనే అనుకున్న. నేనే వచ్చి చెప్పాల్సి ఉండె."

"నువ్వు అడిగి తీసినవు బిడ్డా," అంది రామవ్వ. "కట్టు ఇప్పుండ్రి."

లోపలి దూదిబత్తులు లాగుతుంటే మెదడే బయటికి వస్తోందేమో అనిపించింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. ఆ నీళ్ళు నొప్పికే అని అందరూ అనుకోవడానికి వీలుగా ఉంది. ఇస్తారి ఆమె భుజం పట్టుకోబోతే, భుజం పక్కకు జరిగింది.

చివరి బత్తి వచ్చేశాక గాలి చల్లగా ముక్కులోంచి లోపలికి పోయింది. ఎన్ని ఏళ్ళకు! రామవ్వ మెల్లగా పీల్చింది, వదిలింది. ఇంకే రోజైనా అయితే డాక్టరు చేతులు పట్టుకొని కళ్ళకద్దుకునేది. ఇవాళ ఊరికే తల ఊపింది. డాక్టరుకు అది అర్థమైంది.

వార్డులో సంచీ సర్దుకుంటున్నప్పుడు అనసూర్య ఆమె ముక్కు చూసి, ఏదో అనబోయి, కూతురి దుప్పటి సర్దడం మొదలుపెట్టింది. జన్మకొకసారి నోరు మూసుకున్న పుణ్యం ఆమెకు దక్కింది.

"నీ మంచికే చేసిన," అన్నాడు ఇస్తారి. మంచం అవతలి పక్క నిలబడ్డాడు. "కన్ను పోతదన్నట్టు చెప్పిన్రు. నేనేం జేద్దు? లేపమందునా? మళ్ళ కోపిద్దునా నిన్ను?"

రామవ్వ చీర మడత పెడుతోంది. "తీసినందుకు నిన్నేమన్న అన్ననా?"

"మరి?"

"తీసుడు మంచిదే. నేనున్నా గదే చేద్దునేమో. లేపి అడిగితె ఏడ్చుకుంటనన్న తియ్యుండ్రి అందును." మడత కుదరలేదు, విప్పి మళ్ళీ వేసింది. "ఉన్నదన్నవు."

"నువ్వు పరేషాన్ అయితవని..."

"నిన్న నువ్వు రాకుంటె కట్టు మీద చెయ్యివెట్టుకొని నీ పానానికి మొక్కిన. లేనిదానికి మొక్కిన. నువ్వు వచ్చి సూసినవు. నా ఏలు యాడున్నదో సూసినవు. సూసుకుంట, నా మొకం మీదనే ఉన్నదన్నవు."

"డబ్బా మూత తీస్తుంటి గదా, మొకం జూసి అనలే..." అని, ఏమంటున్నాడో తనకే తెలిసి ఆగిపోయాడు.

"అవు. జూసి అనలే. అప్పుడన్న నాకు తెలివి రాకపాయె." మడిచిన చీరను సంచీలో కుక్కింది. "నేను ఏడ్తునో, పడిపోదునో, అది నా ఏడుపయ్యా. నా ఏడుపు నాకియ్యకపోతివి. నీ పానం గురించి పెట్టుకున్న దాంట్ల నన్నే పిచ్చిదాన్ని చేస్తివి."

ఇస్తారి మంచం మీద కూలబడ్డాడు. గనిలో పైకప్పు కూలినప్పుడు కూడా పక్కవాడిని లాక్కొని బయటికి వచ్చిన మనిషి. ఇప్పుడు అతని చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ళ మీద పడి ఉన్నాయి. చివరికి చొక్కా జేబులోకి పోయి, గాజుగుడ్డ పొట్లం ఒకటి తీశాయి. విప్పాడు. తెల్లరాయి, మర, రెండూ ఉన్నాయి.

"పెట్టుకోవే. బొర్ర ఇంకా పూడలేదన్నది నిఖిత. మెల్లగ పెడతదట." తల ఎత్తాడు, మళ్ళీ దించాడు. "నాకు నీ మొకం సూడబుద్ధైతలేదు గిట్ల. పానం ఎట్లనో అయితున్నది."

ఎన్నేళ్ళుగానో దీన్ని చూసి నవ్విన మనిషి నోట ఈ మాట విని రామవ్వకు వింతగా అనిపించింది. పొట్లం అందుకొని, రాయి ఉన్నదో లేదో చూద్దామని ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

అప్పుడు తగిలింది.

మొదట అదేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఘాటుగా, గొంతు వెనకాల గీరుకున్నట్టు, ఎప్పుడో తెలిసినదే. ఆమె మళ్ళీ పీల్చింది. గాజుగుడ్డను ముక్కుకు ఇంకా దగ్గరగా పెట్టుకొని పీల్చింది. మందు వాసన, దాని కింద చెమట, దాని కింద, చెరిపినా పోనంత గట్టిగా, బీడీ పొగాకు.

వాసన. ఏళ్ళ తర్వాత ముక్కు తెరుచుకొని పట్టిన మొదటి వాసన. మనవరాలి తల కాదు, మరిగే పాలు కాదు.

"బీడీలు తాగుతున్నవా నువ్వు?"

ఇస్తారి చెయ్యి చప్పున జేబును కప్పేసింది.

"మనవరాలు పుట్టిననాడు నా నెత్తి మీద చెయ్యివెట్టి మానేసిన్నంటివి."

"గప్పుడప్పుడు... ఒకటో రొండో..."

"నాకు వాసన రాదని."

రామవ్వకు నవ్వొచ్చింది. నవ్వితే ముక్కు లోపల మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఆగలేదు. డాక్టరమ్మ అంత కళ్ళజోడు పెట్టుకొని, ఎముకల నడుమ దారి వెతికి, వెతికి తెరిచి ఇచ్చింది ఇందుకన్నమాట. రెండు అబద్ధాలూ ఒకే జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు పెద్దమనిషి. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో ఆమెకు తెలియలేదు. అనసూర్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చి, ఒక్క మాట కూడా అడగకుండా వెళ్ళిపోయింది.

నీళ్ళు తాగి రామవ్వ ముఖం తుడుచుకుంది. గాజుగుడ్డను మళ్ళీ మడిచి, ముడి వేసింది. ఇస్తారి దగ్గరికి వెళ్ళి, ఆ జేబులోంచి బీడీకట్ట తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. పొట్లాన్ని జేబులో వేసి బొత్తాం పెట్టింది.

"గదేందే? పెట్టుకోవా?"

"నీ దగ్గర్నే ఉండనియ్యి. గిన్నేండ్లు నేను మోసిన. ఇగ నువ్వు మొయ్యి."

"జనం ఏమనుకుంటరే? నేను బతికుండంగ..."

"నువ్వు బతికుండంగనే తీసినవు," అంది రామవ్వ, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సుల్తానాబాద్ పోయే బస్సు, జనం బాగానే ఉన్నారు. ముందు సీటులో ఉన్న ఒకామె వెనక్కి తిరిగి రామవ్వ ముక్కు చూసింది, నుదుటి బొట్టు చూసింది, పక్కనున్న ఇస్తారిని చూసింది. లెక్క కుదరక మళ్ళీ ముందుకు తిరిగింది. ఇస్తారి సీటులో కుంచించుకున్నాడు. ఆ చూపును ఇంతకాలం తప్పించుకున్నది ఆమె. ఇవాళ అది అతని మీద పడింది.

రామవ్వ కిటికీలోంచి వచ్చే గాలిని కొంచెం కొంచెంగా పీలుస్తోంది. డీజిల్. ఎక్కడో తడిసిన వరిగడ్డి. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతోంది. ప్రతి వాసనకూ లోపల ఎక్కడో చిన్నగా సంతోషం పుట్టడం, పక్కన అతను ఉన్నాడని గుర్తొచ్చి ఆరిపోవడం, ఇలా జరుగుతోంది.

స్పీడు బ్రేకర్ దగ్గర బస్సు ఎగిరి పడింది. ఇస్తారి చెయ్యి చటుక్కున జేబు మీదికి పోయింది. తాకింది, ఉన్నదని చూసుకుంది, కిందికి దిగింది. కండక్టరు ఒరుసుకుంటూ పోతే మళ్ళీ పోయింది. ఎదురుగా లారీ హారన్ కొడితే మళ్ళీ. రామవ్వ కిటికీ అద్దంలో అది చూస్తూనే ఉంది.

"ఉన్నదా?" అని అడిగింది, బయటికే చూస్తూ.

"ఉన్నది," అన్నాడు ఇస్తారి.

ఆమె తల తిప్పింది. అరచెయ్యి చాపి పెట్టింది.

ఇస్తారికి మొదట అర్థం కాలేదు. ఆ చెయ్యి వెనక్కి పోలేదు. చివరికి అతను జేబు బొత్తాం విప్పి, పొట్లం తీసి, ముడి పళ్ళతో లాగి, గాజుగుడ్డ విప్పి చూపించాడు. బస్సు కుదుపులకు తెల్లరాయి అతని అరచేతిలో అటూ ఇటూ దొర్లుతోంటే, పడిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టాడు.

రామవ్వ చూసింది. "సరే," అంది. "బొత్తాం పెట్టుకో, పడతది."